ఆవిరి బుట్టల కోసం విశాఖలో అయిదు రోజులు

మొదటి రోజు, శుక్రవారం

రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కేసరికి తొమ్మిది కావస్తోంది. సంక్రాంతి రద్దీ తగ్గిపోవడంతో కిటికీ పక్క సీటు దొరికింది. సంచిలో చెల్లికి ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. వాటి కింద, పాత చీర ముక్కలో చుట్టిన ఒక కిలో తెల్లటి పిండి ప్యాకెట్ ఉంది. ఆ పిండి సంగతి తర్వాత చెబుతాను. తుని దాటుతుంటే చెల్లి కూతురి నుంచి మెసేజ్ వచ్చింది: "పెద్దమ్మా, లిస్ట్ రెడీ. ఇరవై మూడు చోట్లు. నీకు ఎన్ని రోజులు సెలవు?"

నాకు అయిదు రోజులు సెలవు. ఆ అయిదు రోజుల్లో విశాఖలో మంచి డిమ్ సమ్ ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోవాలన్నది నా కోరిక.

మా వారి ఉద్యోగం వల్ల రెండేళ్ళు హాంకాంగ్‌లో ఉన్నాం. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు. భాష కలవకపోయినా ప్రతి ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టి, "యమ్ చా" అనేవారు. అంటే టీ తాగడం. పేరుకే టీ. టీతో పాటు చిన్న చిన్న వెదురు బుట్టల్లో పొగలు కక్కుతూ మూడేసి, నాలుగేసి చొప్పున తినేవి వస్తూనే ఉంటాయి. అవే డిమ్ సమ్. ఆ మాటకు గుండెను తాకడం అని అర్థం చెబుతారు. ఆవిడ కుర్చీలో కూర్చోగానే మొదట వచ్చిన వేడి టీతో గిన్నెలు, చాప్‌స్టిక్స్ కడిగేవారు. ఎవరైనా కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టేవారు. అది వాళ్ళ నమస్కారం. చియెన్‌లుంగ్ చక్రవర్తి మారువేషంలో టీ అంగడికి వెళ్ళి, తన సేవకుడి కప్పులో స్వయంగా టీ పోశాడట. అక్కడ సాష్టాంగపడితే గుట్టు బయటపడుతుందని ఆ సేవకుడు వేళ్ళను వంచి బల్ల మీద ఆనించాడట. ఈ కథ మాకు ఆవిడ మనవరాలు చెప్పింది. మేం తిరిగి వచ్చి ఆరేళ్ళయింది. ఆదివారం పొద్దున నేను ఇప్పటికీ టీ పోసిన వాళ్ళకు వేళ్ళతో తడతాను.

విశాఖ స్టేషన్‌కి మా అమ్మాయి, అంటే చెల్లి కూతురు, స్కూటీ మీద వచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఎస్సీ చదువుతోంది. ఎంవీపీ కాలనీలో ఇంటికి వెళ్ళి, చెల్లి పెట్టిన అన్నం తిని, సాయంత్రం బీచ్‌కి బయలుదేరాం.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం వెలుగులో ఉంది. ఎదురుగా ఫుట్‌పాత్ పొడవునా మొక్కజొన్న పొత్తుల పొగ, మురీ మిక్స్చర్ బళ్ళు. వాటి మధ్య మోమోల బళ్ళు ఎన్ని వచ్చాయో! పదేళ్ళ కిందట ఇక్కడ ఒక్కటి కూడా చూసిన గుర్తు లేదు. ఒక బండి దగ్గర ఆగాం. సిలిగురి వైపు నుంచి వచ్చిన కుర్రాడు అల్యూమినియం పాత్ర మూత తీసి, ప్లేటులో ఆరు మోమోలు పెట్టి, పక్కన ఎర్ర చట్నీ వేసి ఇచ్చాడు. వేడిగా ఉన్నాయి, బాగున్నాయి.

"ఇదేగా పెద్దమ్మా డిమ్ సమ్?" అంది అమ్మాయి.

కాదని ఆ రాత్రి సముద్రం గాలిలో కూర్చుని దానికి వివరంగా చెప్పాను. మోమో పుట్టిల్లు టిబెట్, నేపాల్ కొండలు. 1959 తర్వాత టిబెటన్లు మన దేశానికి వచ్చి స్థిరపడిన ఊళ్ళ నుంచి అది నెమ్మదిగా అన్ని నగరాలకూ పాకింది. మైదా పిండిని చన్నీళ్ళతో కలిపి ఒత్తుతారు కాబట్టి సాగుతుంది, నమలాలి. డిమ్ సమ్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ వైపుది. పైగా అది ఒక వంటకం పేరు కాదు. మనం టిఫిన్ అన్నట్టు. టిఫిన్‌లో ఇడ్లీ ఉంటుంది, పెసరట్టు ఉంటుంది, గారె ఉంటుంది. అలాగే డిమ్ సమ్‌లో హార్ గౌ అనే రొయ్యల మడత ఉంటుంది, పైన నోరు తెరిచి ఉండే సియు మాయ్ ఉంటుంది, చార్ సియు బావ్ అనే మెత్తటి బన్ను ఉంటుంది, బియ్యప్పిండి పొరలు చుట్టిన చెంగ్ ఫన్ ఉంటుంది, ముల్లంగి కోరుతో చేసిన కేకు ఉంటుంది, కోడి కాళ్ళు కూడా ఉంటాయి. "ఒక ప్లేటు డిమ్ సమ్" అని అడిగితే "ఒక ప్లేటు టిఫిన్" అని అడిగినట్టే.

అమ్మాయి ఫోన్ తీసి, లిస్టులోంచి మోమోల చోట్లన్నీ కొట్టేసింది. పదకొండు మిగిలాయి.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే అన్నిటికీ ఫోన్లు చేయించాను. అడగమన్నది ఒక్కటే ప్రశ్న: "డిమ్ సమ్ మీ వంటగదిలోనే మడుస్తారా?"

ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోయింది. నాలుగు చోట్ల "అంతా ఫ్రెష్ మేడమ్" అన్నారు కానీ అడిగిందానికి జవాబు చెప్పలేదు. రెండు చోట్ల మెనూలోంచి తీసేశామన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "లేదమ్మా, ఫ్రోజెన్ ప్యాకెట్ వస్తుంది, మేం ఆవిరి పెడతాం. అబద్ధం ఎందుకూ?" అన్నారు. ఆయన హోటల్లో డిమ్ సమ్ తినకపోయినా, వేరే ఏదైనా తినడానికి తప్పకుండా వెళ్ళాలనిపించింది. నాలుగు చోట్ల మాత్రం "మా మాస్టర్ చేస్తారు" అని గట్టిగా చెప్పారు.

ఈ కథనంలో నేను హోటళ్ళ పేర్లు రాయడం లేదు. కారణం ఉంది. డిమ్ సమ్ మడిచే మనిషి చేతిలో ఉంటుంది, బోర్డు మీద ఉండదు. ఆ మనిషి జీతం పెరిగి హైదరాబాద్ వెళ్ళిపోతే, నేను మెచ్చుకున్న హోటల్‌కి మీరు వెళ్ళినా ఆ రుచి ఉండదు. ఏ వైపు వెళ్ళాలో, ఏం చూసుకోవాలో చెబుతాను. అది మీకు ఎక్కువ కాలం పనికొస్తుంది.

మధ్యాహ్నం ద్వారకానగర్‌లో ఒక రెస్టారెంట్‌కి వెళ్ళాం. ఫోన్లో "అంతా ఫ్రెష్" అన్న నాలుగింటిలో ఒకటి. తేడా ఏమిటో అమ్మాయికి చూపించాలని కావాలనే ముందు అక్కడికి తీసుకెళ్ళాను. నలభై నిమిషాలకు బల్ల మీదకు వెదురు బుట్ట వచ్చింది. అందులో ఆరూ అచ్చుగుద్దినట్టు ఒకే కొలతలో ఉన్నాయి. చేత్తో మడిచినవి అలా ఉండవు, అక్కచెల్లెళ్ళలా పోలికలతో ఉంటాయి. ఒకటి ఎత్తబోతే కింద కాగితానికి అతుక్కుని చిరిగిపోయింది, లోపలి రసం కారిపోయింది. అంచుల దగ్గర పొర గట్టిగా, ఎండినట్టు ఉంది. రొయ్య ఉందో లేదో తెలియలేదు, అంతా ముద్ద. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఆ హోటల్‌ను లిస్టులో పెట్టింది తనేనట. "తప్పు నీది కాదు తల్లీ, ఫోన్లో వాళ్ళ మాట నమ్మావు" అని బుజ్జగించి బయటికి తీసుకొచ్చాను.

సాయంత్రం సిరిపురం వైపు వెళ్ళాం. చిన్న కెఫే, మేడ మీద. అద్దం వెనక వంటగది కనిపిస్తుంది. అక్కడ ఇంఫాల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి చెక్క బల్ల ముందు నిలబడి, వెడల్పాటి కత్తికి నూనె రాసి, చిన్న పిండి ఉండను ఆ కత్తి చదునైన వైపుతో అదిమి ఒక్కసారి తిప్పాడు. నాణెం అంత ఉండ, తమలపాకంత పల్చటి పొర అయింది. అప్పడాల కర్ర వాడలేదు. హాంకాంగ్‌లో చేసేది ఇలాగే. నాకు కళ్ళు చెమర్చాయి.

వాళ్ళ దగ్గర రొయ్యవి లేవు. కూరగాయలతో క్రిస్టల్ డంప్లింగ్స్ ఉన్నాయి: క్యారెట్, పుట్టగొడుగు, మొక్కజొన్న. పై పొరలోంచి లోపలి రంగులన్నీ మసకగా కనిపిస్తున్నాయి. పంటికి అంటుకోలేదు, పటపట తెగింది, వెంటనే కరిగింది.

జనం తగ్గాక ఆ అబ్బాయితో మాట్లాడనిచ్చారు. హిందీలో చెప్పాడు. ఈ పొర మామూలు గోధుమపిండిది కాదు. గోధుమపిండిలోంచి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్‌ను కడిగి తీసేస్తే మిగిలే తెల్లటి పిండి, వీట్ స్టార్చ్. అందులో కర్రపెండలం పిండి కలుపుతారు. గ్లూటెన్ లేదు కాబట్టి చన్నీళ్ళతో కలిపితే పొడిపొడిగా రాలిపోతుంది. సలసల కాగే నీళ్ళు పోసి కలిపితేనే పిండి సగం ఉడికి, జిగురు పట్టి, ముద్ద అవుతుంది. ఆవిరి తగిలాక గాజులా మారుతుంది.

నేను అక్కడే చెల్లికి ఫోన్ చేశాను. "ఒసేయ్, జిల్లేడుకాయలే!" అన్నాను. వినాయక చవితికి మా అమ్మ గిన్నెలో నీళ్ళు మరిగించి, బియ్యప్పిండి పోసి, కర్రతో తిప్పి మూతపెట్టేది. చెయ్యి కాలుతున్నా వేడి మీదే మర్దించేది. బియ్యప్పిండిలోనూ గ్లూటెన్ ఉండదు. ఆ వేడినీళ్ళ కిటుకు లేకపోతే జిల్లేడుకాయ పగిలి పూర్ణం బయటికొస్తుంది. గ్వాంగ్‌జౌలో రొయ్య చుట్టూ, మా ఇంట్లో కొబ్బరి బెల్లం చుట్టూ మడిచేది ఒకే పద్ధతి. నలభై ఆరేళ్ళ వయసులో సిరిపురం మేడ మీద నాకు ఈ సంగతి తెలిసింది.

మూడో రోజు, ఆదివారం

అయిదింటికే లేచి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. మరిది గారు కారు తీశారు. "వదినగారూ, డిమ్ సమ్ తినడానికి వచ్చి హార్బర్ ఎందుకండీ?" అన్నారు. హార్ గౌకి ప్రాణం రొయ్య. రొయ్య ఎలా ఉండాలో ముందు చూడకుండా హోటల్లో ఎలా తూకం వేస్తాం?

ఇంకా చీకటిగానే ఉంది. బోట్ల నుంచి ప్లాస్టిక్ ట్రేలు దిగుతున్నాయి. ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, వేలం పాటల కేకలు, కాళ్ళ కింద ఉప్పునీళ్ళు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపం తిరుగుతోంది. ఆడవాళ్ళే ఎక్కువమంది అమ్మకానికి కూర్చున్నారు. ఒకావిడ ముందు టైగర్ రొయ్యలు, పక్కన తెల్ల రొయ్యలు కుప్పపోసి ఉన్నాయి.

"ఏటమ్మా, రొయ్యలేనా? రాత్రి దిగినవే. తలకాయ సూసుకో, నలుపు తిరగలేదు" అంది.

తల గట్టిగా అతుక్కుని ఉంది. పెంకు మెరుస్తోంది. చేత్తో వంచితే స్ప్రింగులా వెనక్కి వచ్చింది. ఏం వండుతావని అడిగితే, పిండిలో పెట్టి ఆవిరి మీద ఉడకబెడతామని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "అయితే తెల్లది పట్టుకెళ్ళు. పెద్దది గట్టిపడిపోద్ది" అంది. ఆవిడ మాటే మంగళవారం నాడు నిజమైంది. ఒక కిలో కొని, ఐసులో పెట్టించి తెచ్చాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం కాబట్టి, ఇలా వెతుక్కుంటూ రావాలనుకునేవాళ్ళు ఆ నెలలు తప్పించి రావడం మంచిది. ఆ రోజుల్లో హోటళ్ళలో ఎక్కువగా చెరువు రొయ్యే ఉంటుంది. వెనామి అనే ఆ రకం 2009 తర్వాత మన రాష్ట్రంలో చెరువుల నిండా వచ్చింది. దాన్ని తక్కువ చేయను. శుభ్రంగా ఉంటుంది, కొలత ఒకేలా ఉంటుంది. సముద్రపు రొయ్యకున్న తీపి మాత్రం దానికి రాదు.

పదకొండింటికి బీచ్ రోడ్డులో ఒక స్టార్ హోటల్లో ఆదివారం బ్రంచ్. నలుగురం వెళ్ళాం. ఖర్చు ఎక్కువే, మరిది గారు నన్ను బిల్లు ముట్టుకోనివ్వలేదు. ఒక మూలన ఆవిరి కౌంటర్, వెదురు బుట్టలు అయిదేసి దొంతర్లు. నేను మొదట టీ అడిగాను. సర్వర్ పాల టీ తెచ్చాడు. చైనా టీ ఏదైనా ఉందా అని మెల్లగా అడిగితే, లోపలికి వెళ్ళి మల్లెపూల టీ కుండ తెచ్చాడు. హాంకాంగ్‌లో కూర్చోగానే అడిగేది ఏ టీ కావాలని. మల్లెపూల టీయా, చామంతి టీయా, లేక మట్టి వాసన వేసే నల్లటి పూ-ఎర్ టీయా? ఆవిరి మీద ఉడికిన కొవ్వును ఆ టీ కోస్తుంది. అందుకే రెండింటినీ విడదీయరు. విశాఖలో డిమ్ సమ్ అమ్మేవాళ్ళలో చాలామంది దాన్ని రాత్రిపూట స్టార్టర్‌గా, కోలాతో పెడుతున్నారు. నిజానికి అది ఎక్కువగా పొద్దున, మధ్యాహ్నం తినే తిండి. ఈ ఒక్కటి మారితే విశాఖలో డిమ్ సమ్ రుచే మారిపోతుందని నా నమ్మకం.

హార్ గౌ వచ్చింది. బుట్టలో నాలుగు. మంచి హార్ గౌకి కనీసం ఏడు మడతలు ఉండాలని, పది దాటితే మాస్టర్ చెయ్యి అని చెబుతారు. చీర కుచ్చిళ్ళలా లెక్కపెట్టాను, ఎనిమిది. ఎత్తితే చిరగలేదు. కొరికితే రొయ్య పటుక్కుమని విరిగింది. మా చెల్లి ఏమీ అనకుండా రెండోది తీసుకుంది. మాట్లాడకుండా తింటోందంటే చెల్లికి బాగా నచ్చినట్టే.

సియు మాయ్ కోడి మాంసంతో చేశారు. అసలుది పంది మాంసం, రొయ్య కలిపి చేస్తారు. ఆ కొవ్వు లేకపోతే లోపల పొడిబారుతుంది. ఇక్కడ కూడా అలాగే పొడిబారింది. బన్ను మెత్తగా, తెల్లగా, పైన పువ్వులా విచ్చుకుని బాగుంది. చెంగ్ ఫన్ మందంగా ఉంది. ముల్లంగి కేకు మాత్రం చాలా బాగుంది. బియ్యప్పిండిలో ముల్లంగి కోరు కలిపి ఆవిరి పెట్టి, చల్లార్చి ముక్కలు కోసి, పెనం మీద ఎర్రగా కాలుస్తారు. అంచులు మా అమ్మ చేసే దిబ్బరొట్టె మాడులా కరకరలాడాయి.

షెఫ్ కౌంటర్ దగ్గరే ఉన్నాడు. కలకత్తాలో టాంగ్రా దగ్గర పని నేర్చుకున్నాడట. టాంగ్రా అంటే చైనా నుంచి వచ్చిన హక్కా కుటుంబాలు తోళ్ళ పరిశ్రమ పెట్టుకుని స్థిరపడిన పేట. అదే ఊళ్ళో టిరెట్టా బజార్‌లో తెల్లవారుజామున చైనా టిఫిన్లు అమ్ముతారు. రొయ్య ఇంత పటుక్కుమనడానికి ఏం చేస్తారని అడిగాను. దాచుకోకుండా చెప్పాడు. పొట్టు తీసి, నల్లనరం లాగి, ఉప్పు, కార్న్‌ఫ్లోర్ వేసి బాగా పిసికి, ఐసునీళ్ళతో కడిగి, గుడ్డలో తడి పూర్తిగా అద్ది, రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. తడి ఉంటే పొర చిరుగుతుంది. సగం రొయ్యలు తరగాలి, సగం పెద్ద ముక్కలుగా వదలాలి. అన్నిటినీ రుబ్బితే ముద్దే. ద్వారకానగర్‌లో నిన్న ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది.

మేం బయలుదేరుతుంటే షెఫ్ స్వయంగా వచ్చి నా కప్పులో టీ పోశాడు. నేను రెండు వేళ్ళతో బల్ల తట్టాను. అతను గుర్తుపట్టి తల వంచాడు.

నాలుగో రోజు, సోమవారం

పొద్దున అల్లిపురంలో ఒక బండి దగ్గర ఆవిరి కుడుము తిన్నాం. గిన్నె మూతికి తడిగుడ్డ కట్టి, దాని మీద మినప్పిండి పోసి ఆవిరి పట్టిస్తారు. చుట్టూ అల్లం చట్నీ, కారప్పొడి, నెయ్యి. ఇలాంటి పొద్దుటి ఆవిరి తిండి ఉన్న ఊరు, డిమ్ సమ్‌ను అర్థం చేసుకోలేకపోవడం ఉండదు.

రుషికొండ, మధురవాడ వైపు రెండు చోట్లకు వెళ్ళాం. ఒకటి సోమవారం సెలవు. ఇంకోచోట తిన్నాం, చెప్పుకోదగ్గది ఏమీ లేదు. లిస్టు అక్కడితో అయిపోయింది.

సాయంత్రం సింధియా, మల్కాపురం వైపు వెళ్దామని అమ్మాయే అంది. వాళ్ళ క్లాసులో నేవీ ఉద్యోగి కూతురు ఒక అమ్మాయి ఉందట, తను చెప్పిందట. తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడే కాబట్టి ఆ వైపు దేశంలోని అన్ని రాష్ట్రాల వాళ్ళూ ఉంటారు. ఒక సందులో నాలుగు బల్లల షాపు. బోర్డు మీద మోమో, తుక్పా (నూడిల్స్ సూపు) అని మాత్రమే ఉంది. నడిపేది డార్జిలింగ్ నుంచి వచ్చిన ఒకావిడ. భర్త నేవీలో రిటైరై ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ తెలుగు మల్కాపురం తెలుగు. "రండమ్మా, కూకోండి" అని పిలిచింది.

మోమోలని శుక్రవారమే కొట్టేసిన మాట నిజమే. కానీ ఆవిడ మడుస్తుంటే చూసి నేను కదలలేకపోయాను. ఎడమ అరచేతిలో పొర, బొటనవేలు పూర్ణాన్ని అదుముతూ ఉంటుంది, కుడిచేతి రెండు వేళ్ళు కుచ్చిళ్ళు తీస్తూ చుట్టూ తిరుగుతాయి. కస్టమర్‌తో మాట్లాడుతూనే, చూడకుండానే మడుస్తోంది. పద్దెనిమిది కుచ్చిళ్ళు. మూడు లెక్కపెట్టాను, మూడూ పద్దెనిమిదే. కోడి మాంసంలో ఉల్లిపాయ, అల్లం, కొంచెం వెన్న. కొరకగానే రసం నోటి నిండా వచ్చింది. నాలుగు రోజుల్లో తిన్నవాటిలో ఇదే అన్నిటికంటే రుచిగా ఉంది. అది డిమ్ సమ్ కాదని తెలిసినా ఆ మాటే రాస్తున్నాను.

ఆవిడకు హార్ గౌ గురించి చెప్పాను. ఫోన్లో ఫోటోలు చూపించాను. కలకత్తాలో ఒకసారి తిన్నానంది. "ఆ అద్దం పిండి ఇక్కడ దొరకదమ్మా, నాకు సెయ్యాలనే ఉంటాది" అంది.

అప్పుడు నాకు సంచిలోని ప్యాకెట్ గుర్తొచ్చింది. హాంకాంగ్ నుంచి ఈమధ్యనే వచ్చిన స్నేహితురాలితో తెప్పించుకున్న వీట్ స్టార్చ్ అది. మర్నాడు చెల్లి ఇంట్లో చేద్దామని తెచ్చాను. సగం పంపిస్తానని మాట ఇచ్చాను. ఆవిడ చేతులు తుడుచుకుని, కొలతలు నోట్‌బుక్‌లో నేపాలీలో రాసుకుంది: రెండు పాళ్ళు స్టార్చ్, ఒక పాలు కర్రపెండలం పిండి, చిటికెడు ఉప్పు, కాగే నీళ్ళు, చెంచా నూనె. కర్రపెండలం పిండి మా పెద్దాపురం, సామర్లకోట వైపే తయారవుతుందని, అది తెప్పించడం కష్టం కాదని చెప్పాను.

అయిదో రోజు, మంగళవారం

మధ్యాహ్నం రత్నాచల్‌కి తిరుగు ప్రయాణం. అందుకని ఆరింటికే చెల్లీ నేనూ వంటింట్లో కూర్చున్నాం. అమ్మాయి అప్పటికే సగం పిండి డబ్బాలో పోసుకుని స్కూటీ మీద మల్కాపురం వెళ్ళింది.

తెల్ల రొయ్యలు షెఫ్ చెప్పినట్టే రాత్రి కడిగి, అద్ది, ఫ్రిజ్‌లో పెట్టాం. వెదురు కొమ్ములు అరకు సంతల్లో వానాకాలంలో దొరుకుతాయి, ఇప్పుడు లేవు. అమ్మాయి సూపర్ మార్కెట్‌లో టిన్ను తెచ్చింది. సన్నగా తరిగి, తెల్ల మిరియాలు, నువ్వుల నూనె, ఉప్పు, కొంచెం పంచదారతో కలిపాం. నీళ్ళు మరిగాయి. చెల్లి గిన్నె దించి స్టార్చ్ మీద ఒక్కసారిగా పోసి, కర్రతో తిప్పి, మూతపెట్టింది. నేను చెప్పలేదు. జిల్లేడుకాయలకు అమ్మ చేసినట్టే చేసింది.

వేడి మీద మర్దించింది. "చెయ్యి కాలట్లేదుటే?" అంటే, "అమ్మకి కాలేదు కదక్కా" అంది.

మొదటి నాలుగూ పగిలాయి. నేను కత్తితో ఒత్తిన పొర ఒక వైపు మందం, ఒక వైపు చిరుగు. చెల్లి పూరీ ప్రెస్ తీసి, నూనె రాసిన ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి ఒత్తింది. గుండ్రంగా, ఒకే మందంలో వచ్చింది. ఇడ్లీ ప్లేట్లలో అరిటాకు ముక్కలు పరిచి ఆరేసి చొప్పున పెట్టాం. బాగా ఆవిరి వచ్చాక ఆరు నిమిషాలు. మూత తీసేసరికి పొరలు గాజులా మెరుస్తూ, లోపల రొయ్య గులాబీ రంగులో కనిపించింది. కుచ్చిళ్ళు నాలుగో అయిదో ఉన్నాయి. పెద్ద టైగర్ రొయ్య కాకుండా తెల్లది కొనడం ఎంత మంచిదయిందో కొరికాక తెలిసింది. మెత్తగా, తియ్యగా, పటుక్కుమని విరిగింది. మరిది గారు ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ ఆగి, నిలబడే ఏడు తిన్నారు. చెల్లికి మాత్రం నంచుకోవడానికి ఆవకాయ కావాల్సి వచ్చింది. నేను వద్దనలేదు.

మిగిలిన పన్నెండూ స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. చల్లారితే పొర గట్టిపడుతుందని తెలుసు, అయినా వదల్లేదు.

రైలు అనకాపల్లి దాటాక డబ్బా తెరిచాను. ఎదురు సీటులో తునిలో దిగాల్సిన పెద్దావిడ ఉన్నారు. ఒకటి ఇచ్చాను. కొరికి చూసి, "రొయ్యల జిల్లేడుకాయా అమ్మా?" అన్నారు. అవునండీ అన్నాను.

తునిలో ఆవిడ దిగిపోయాక ఫోన్ మోగింది. అమ్మాయి పంపిన ఫోటో. మల్కాపురం షాపులో అల్యూమినియం పాత్ర, మూత తీసి ఉంది, లోపల ఎనిమిది హార్ గౌలు, గాజులా. కింద మెసేజ్: "పెద్దమ్మా, ఆంటీ మొదటిసారే చేశారు. పదకొండు కుచ్చిళ్ళు. ఒక్కటి కూడా పగల్లేదు. ఆదివారం పొద్దున ఏడింటికి పెడతారట. ఇంకో కిలో పిండి ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు."

హాంకాంగ్ స్నేహితురాలికి అప్పుడే ఫోన్ చేశాను.